కలకత్తాయే చవక

"హైదరాబాదులో హాస్టలుకి ఏమాత్రం అడుగుతున్నారమ్మా?" అంది కృష్ణకుమారి, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని.

"తిండితో కలిపి తొమ్మిది వేలు మేడమ్. ఒక రూముల ముగ్గురం ఉండాలె," అంది హన్మకొండ నుంచి హరిచందన.

కృష్ణకుమారి కాగితం మధ్యలో గీత గీసింది. ఎడమ పక్క హైదరాబాదు, కుడి పక్క కలకత్తా. ఎడమ పక్కన తొమ్మిది వేలు రాసింది.

కలకత్తా సెక్టర్ ఫైవ్‌లోని ఆ ఆఫీసు పని వేరే కంపెనీల ఉద్యోగుల జీతాల లెక్కలు చూడటం. తెలుగు రాష్ట్రాల నుంచి ఫోన్లొస్తే తెలుగు డెస్కుకి వెళ్తాయి. ఆ డెస్కులో పంతొమ్మిదేళ్లుగా ఉన్నది కృష్ణకుమారి ఒక్కతే. ఒక్కదాన్నే లాగలేకపోతున్నాను, ఇంకో మనిషిని ఇవ్వండి మహాప్రభో అని మేనేజరు శుభంకర్ ప్రాణం రెండేళ్లుగా తోడేస్తోంది. పోయిన వారం ఆయనే పిలిచి శుభవార్త చెప్పాడు. అమ్మాయి దొరికింది, కానీ ఆమెకి హైదరాబాదులో నలభై రెండు వేల ఉద్యోగం కూడా వచ్చింది, మనం ముప్పై నాలుగుకి మించి ఇవ్వలేం, నువ్వే తెలుగులో నచ్చజెప్పాలి దీదీ అన్నాడు. హెచ్ఆర్ నుంచి మాట్లాడుతున్నానని చెప్పమన్నాడు. తనకి పైన ఉండబోయే మనిషని తెలిస్తే పిల్ల మొహమాటపడి ఏదీ అడగదట. అదీ నిజమేననుకుంది కృష్ణకుమారి. చేరిన రోజున అసలు సంగతి చెప్పి నవ్వుకోవచ్చు కదా.

పన్నుల సంగతి మొదటి రోజే తేలిపోయింది. ఆ జీతాలకి ఆదాయపు పన్ను ఏ ఊళ్లోనూ పడదు. వృత్తి పన్ను అక్కడ నెలకి రెండు వందలు, ఇక్కడ ఆ జీతానికి నూట యాభై. ఆ యాభై రూపాయల తేడాని కృష్ణకుమారి లంకెబిందెలు దొరికినంత సంబరంగా చెప్పింది.

"యాభైకి ఏమొస్తది మేడమ్?" అని నవ్వింది హరిచందన.

"కలకత్తాలో కోడిగుడ్డు కూరా అన్నం వస్తాది," అంది కృష్ణకుమారి.

ఆ నవ్వుకే కృష్ణకుమారి పడిపోయింది. అమ్మ అన్నపూర్ణమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. నాన్న రేవులో పనిచేసిన కాలంలో గార్డెన్ రీచ్‌లోని వాళ్ల వీధి వీధంతా తెలుగే. ఒక్కో కుటుంబమే మూటాముల్లే సర్దుకుని శ్రీకాకుళం రైలెక్కేసింది. ఇప్పుడు ఆమెతో తెలుగులో మాట్లాడేది జీతం తక్కువ పడిందని ఫోనులో కోప్పడేవాళ్లే. ఆదివారం వచ్చిందంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క తెలుగు ముక్క ఆమె నోటెంట రాదు. ఆ ఇంట్లోకి వెళ్లాలంటేనే ఆమెకి దిగులు.

అందుకే ఆ పిల్ల రావాలని అంత పట్టుబట్టింది. బస్సు చార్జీలు రాసింది, కూరగాయల ధరలు రాసింది. ఎలా కూడినా, ఎలా తీసేసినా హైదరాబాదులోనే నెలకి ఐదు వేలు ఎక్కువ మిగులుతున్నాయి. ఇక్కడ హాస్టలు తిండితో ఏడున్నర వేలు, ఆ పిల్లకిచ్చే జీతం చూస్తే తన జీతంలో సగం. కొంచెం పెంచమని శుభంకర్‌ని బతిమాలింది. పైసా కూడా కుదరదన్నాడు.

మూడో రోజు కృష్ణకుమారి హాస్టలు అంకె కొట్టేసింది.

"మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. అద్దె ఇవ్వొద్దు. నేనేటి తింటే అదే నువ్వూ తిను. ఇప్పుడు చూడు, కలకత్తాలోనే నీకు రెండున్నర వేలు ఎక్కువ మిగులుతాది."



"ఎవలు చేస్తరు మేడమ్ ఇంత? మీకేం లాభం?"

"ఇంట్లో తెలుగు మాట వినబడతాది కదమ్మా," అంది కృష్ణకుమారి. అనుకున్నదాని కంటే ఎక్కువే చెప్పేశానని ఆమెకే సిగ్గేసింది.

"మిమ్మల్ని అక్కా అని పిలవచ్చా?" అంది హరిచందన.

సంగతి విని శుభంకర్ ఆమె చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. నువ్వు లేకపోతే ఇది అయ్యేది కాదన్నాడు. ఆ వారమంతా కృష్ణకుమారికి కాలు నేల మీద నిలవలేదు. అమ్మ గది కడిగింది, కొత్త పరుపు కొంది, కిటికీకి తెర కుట్టించింది. పక్కింటి బెంగాలీ ఆవిడ చుట్టాలొస్తున్నారా అని అడిగితే, చెల్లెలొస్తోందని చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం హరిచందన ఫోను చేసింది. ఆఫర్ లెటరు వచ్చిందట, సంతకం పెట్టి పంపేసిందట. ఒకటో తారీఖుకి హౌరాలో దిగుతుందట.

"హైదరాబాదోళ్లకు రానని చెప్పేసిన అక్కా."

కృష్ణకుమారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. స్టేషనుకి తనే వస్తానంది, సామాను ఎక్కువున్నా పర్వాలేదంది.

"ఒక్కటి అడుగుత అక్కా. తెలుగు డెస్కుల ఇప్పుడున్న మేడమ్ ఎట్లాంటామె? నాకు పని ఆమెనే నేర్పిస్తదంట."

కృష్ణకుమారి నవ్వు బిగబట్టుకుంది. "మంచిదే. కొంచెం వాగుడు జాస్తి. ఏటి, భయమేస్తోందా?"

"భయం కాదు, పాపం అనిపించింది. శుభంకర్ సార్ చెప్పిండు," అంది హరిచందన. "నేను పని నేర్చుకోంగనే ఆమెను తీసేస్తరంట."