తడిబట్టలతో పదిమంది

నాలుగో మ్యాచ్ కూడా ఓడిపోయిన సాయంత్రం పలమనేరు ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ మునిశేఖర్ అనౌన్సర్ చేతిలోని మైకు లాక్కున్నాడు.

చిత్తూరు గ్రౌండులో జనం ఇంకా లేవలేదు. ఓడినవాడు మైకు పట్టుకుంటే వినాలని ఎవరికుండదు?

“మావోళ్లకే చెప్తాండా. మీరూ వినండి,” అన్నాడు. “వచ్చే ఆదివారం ఆఖరి మ్యాచ్. డ్రా అన్నా చేసుకోకపోతే మమ్మల్ని లీగ్‌లోంచి తీసేస్తారు. మా నాయన కట్టిన జట్టు ఇది. ఇరవై రెండేండ్ల జట్టు!”

తన జట్టు వైపు తిరిగాడు.

“రేపు పొద్దున కాణిపాకం పోతాం. కెప్టెన్ చెప్పిన చోట, చెప్పినట్టు, ప్రాణం పెట్టి ఆడినానని స్వామి ముందర ప్రమాణం చెయ్యండి. చెయ్యలేనోడు జెర్సీ ఇచ్చేసి పోండి.”

ఈలలు మోగాయి.

జట్టంతటికీ చెప్పినా అతని చూపు మాత్రం ఒక్కడి మీదే ఉంది.

గంగాధరం నగరి మనిషి. మగ్గాల పని మానేసి, పాలవ్యాను తోలడానికి పలమనేరు వచ్చి ఆర్నెల్లయింది. వెనక వరసలో బ్యాక్ ఆడతాడు. ఆట తెలిసినవాడే. ఏం లాభం? గోలు దగ్గర్నుంచి కదలడు!

“ముందుకు రాప్పా!” అని మునిశేఖర్ గొంతు చించుకుంటే నాలుగడుగులు వేస్తాడు, మళ్లీ వెనక్కే. నాలుగు మ్యాచ్‌లూ ఒక్క గోలు తేడాతోనే పోయాయి. ఈ మహానుభావుడు ఒక్కసారి ముందుకొచ్చి బంతి అందించినా ఫలితం వేరేగా ఉండేది. కడుపు మండదా మరి?

కాణిపాకం ప్రమాణమంటే ఈ జిల్లాలో అంతకు మించిన కోర్టు లేదు. స్నానం చేసి తడిబట్టలతో స్వామి ముందు నిలబడి అబద్ధమాడే ధైర్యం ఎంత మొండివాడికీ రాదు. చేయనన్నవాడు తప్పు ఒప్పుకున్నట్టే. ఇక సాక్షులెందుకు?

మరునాడు మునిశేఖర్ మొదట ప్రమాణం చేశాడు. తర్వాత ఒక్కొక్కరే చేశారు. గోల్‌కీపర్ సునీల్‌కుమార్, మునిశేఖర్ సొంత తమ్ముడు, చివర్న నిలబడ్డాడు. అతని మాట సరిగా బయటికి రాలేదు. చలికనుకున్నారు.

పదిమంది అయ్యారు.

గంగాధరం గుడి బయట పొడిబట్టలతో నిలబడి ఉన్నాడు.

“ఏమప్పా, ఇంకా స్నానం చెయ్యలేదే?” అనడిగాడు మునిశేఖర్.

“నేను ప్రమాణం చెయ్యలేనబ్బా.”

“ఎందుకు?”

“నువ్వు చెప్పిన చోట నేను ఆడలేదు. అది నిజమే కదా.”

“అదే, ఎందుకు ఆడలేదంటాండా!”

గంగాధరం తడిబట్టల్లో వణుకుతున్న పదిమంది వైపు ఒకసారి చూశాడు.

“అడగొద్దు శేఖరా. చెప్పలేను.”

“అవతలోళ్లు ఏమిచ్చినారు నీకు?”

“ఎవురూ ఏమీ ఇయ్యలేదు.”

“అయితే చెయ్యి ప్రమాణం!”

గంగాధరం సంచిలోంచి జెర్సీ తీశాడు. ఉతికి మడతపెట్టి తెచ్చాడు. మునిశేఖర్ చేతిలో పెట్టి బస్టాండు వైపు నడిచాడు.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ప్రమాణానికి జడిసినోడు! వ్యాను ఓనరు తాళాలు తీసేసుకున్నాడు. అతను అద్దెకున్న ఇంటామె కుప్పమ్మ, “మంచోడే అనుకుంటినే, ఎంత పని చేసినాడు సూడు,” అని వీధిలో నలుగురికీ చెప్పింది.

ఆదివారం మ్యాచ్ పలమనేరులోనే. గంగాధరం చోట్లో కొత్తగా చేర్చుకున్న హరినాథ్ దిగాడు. కుర్రాడు గుర్రంలా పరిగెత్తాడు. పన్నెండో నిమిషంలో అతనిచ్చిన పాస్‌తోనే మునిశేఖర్ గోలు కొట్టాడు.

“సూసినారా! ఇట్ల కదా ఆడాల్సింది!” అని గాల్లోకి ఎగిరాడు.

ఆ సంతోషం పది నిమిషాలు కూడా నిలవలేదు.

ఎడమ పక్క నుంచి ఒక గోలు పడింది. కాసేపటికి అదే పక్క ఇంకొకటి. సునీల్‌కుమార్ దూకుతున్నాడు గానీ, బంతి లోపలికి పోయాక దూకుతున్నాడు.

హాఫ్‌టైమ్‌లో మునిశేఖర్ పంతం చంపుకున్నాడు. “ఒరే, గంగాధరానికి ఫోన్ చెయ్యండ్రా. రమ్మనండి. కాళ్లన్నా పట్టుకుంటా.”

“స్విచ్ఛాఫ్ వస్తాండాదన్నా,” అన్నాడు హరినాథ్. “పొద్దున ఫస్ట్ బస్సుకే సామాన్లతో నగరికి పొయ్యినాడంట.”

మునిశేఖర్‌కి ఏం చేయాలో తోచలేదు. రెండో సగమంతా ముందుకు ఉరకాలో వెనక్కి రావాలో తెలియక గ్రౌండు మధ్యలో తిరిగాడు. అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. మూడో గోలు కూడా ఎడమ పక్కే పడింది.

విజిల్ మోగింది. పలమనేరు జట్టు లీగ్‌లోంచి బయటికి పోయిందని అనౌన్సర్ మైకులో చెప్పాడు.

సునీల్‌కుమార్ గోల్‌పోస్టుకు ఆనుకొని కూలబడి ఉన్నాడు. మునిశేఖర్ వెళ్లి పక్కన కూర్చున్నాడు. తిట్టే ఓపిక కూడా లేదు.

“మూడూ ఒకే పక్క కదరా. ఏమైంది నీకు?”

సునీల్‌కుమార్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

“ఐదు నెలల్నుంచి ఎడమకన్ను కనపడదన్నా. నీకు తెలిస్తే ఆట మాన్పిస్తావని చెప్పలేదు.”

మునిశేఖర్ అతని చేతులు పక్కకు తీసి ఆ కన్ను వైపు చూశాడు.

“ప్రాక్టీసులో గంగాధరమన్న ఒక్కడే కనిపెట్టినాడు. ఎవురికీ చెప్పొద్దని ఏడిస్తే, నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసినాడు. మొన్న కాణిపాకంలో చెప్పేద్దామనుకున్నా, నోరు రాలేదు. ఇన్ని మ్యాచ్‌లు ఆ పక్క గోలు కాసింది నేను కాదన్నా, ఆయన్నే.”