పులి మీసాలు

“మసక మసకనే ఉన్నది సారూ. నువ్వు చెప్పినట్టు లేదు,” అన్నాడు సోమన్న, కృష్ణకాంత్ గడప దగ్గర చెప్పులిప్పకముందే.

చిట్యాలలో టీవీల షాపులో పనిచేసే కృష్ణకాంత్‌కు ఆ మాట కొత్త కాదు. కొత్త టీవీ దిగిన ప్రతి ఇంట్లోనూ వారం తిరక్కుండా ఇదే పాట. చిన్న తెర మీద కనిపించని లోపాలన్నీ పెద్ద తెర మీద బయటపడతాయి. ఆ సంగతి అమ్మేవాడెవడూ చెప్పడు. కృష్ణకాంత్ కూడా చెప్పలేదు.

సోమన్న, బిక్షమ్మ ఉన్న ఒక్క బర్రెను అమ్మి కొన్న టీవీ అది. రేకుల ఇంట్లో సగం గోడ దానికే సరిపోయింది. మిగతా గోడకు దండ వేసిన ఫోటో. వాళ్ల కొడుకు దశరథ్. ఆధార్ కార్డు జిరాక్సు నుంచి పెద్దది చేయించినట్టున్నారు, కళ్లేవో ముక్కేదో తెలియడం లేదు. దాని కింద ఎవరో సుద్దముక్కతో సున్న నుంచి తొమ్మిది దాకా అంకెలు రాశారు, వంకరటింకరగా. ఇంట్లో చిన్నపిల్లలున్న జాడ మాత్రం లేదు.

కృష్ణకాంత్ టీవీ వెనక చెయ్యి పెట్టి చూశాడు. పాత డబ్బా టీవీకి వాడిన మూడు రంగుల వైరే దీనికీ గుచ్చారు.

“ఇగో కాకా, రోగం ఇదే. బాక్సు హెచ్‌డీదే గానీ, గీ వైర్ల నుంచి హెచ్‌డీ బొమ్మ రాదు.”

సంచీలోంచి కొత్త కేబుల్ తీసి తగిలించాడు. బాక్సు సెట్టింగులు మార్చాడు. ఏదో చానల్లో చెరువు గట్టు మీద కొంగ. ఈక ఈకా విడివిడిగా కనిపించింది. కృష్ణకాంత్ తన పనితనానికి తానే మురిసిపోయాడు. సోమన్న ముఖం మాత్రం ముడుచుకునే ఉంది.

“గది కాదు సారూ.”

బిక్షమ్మ కొంగుముడి విప్పి పెన్‌డ్రైవ్ తీసింది. “గిది సాఫ్‌గ రావాలె బిడ్డా.”

పెట్టాడు. రోడ్డు పక్క చాయ్ హోటల్ కెమెరాలో పడిన వీడియో. సందె వేళ. దశరథ్ చాయ్ గ్లాసు కింద పెట్టి, ఒక్కసారి వెనక్కి తిరిగి ఎవరికో చెయ్యూపి, రోడ్డు వైపు నడిచాడు. మూలన ఏవో లైట్లు. అంతే, అక్కడితో అయిపోయింది. అంతా పిండి చల్లినట్టుంది.

కొడుకు తెర మీదికి రాగానే సోమన్న తల తిప్పుకుని గడప మీదికి పోయి కూర్చున్నాడు. బిక్షమ్మ మాత్రం జరిగి జరిగి టీవీ అంచుకు ముక్కు తగిలేంత దగ్గరికి చేరింది.

“షాపుల పులి బొమ్మేసి, మీసాలు ఒక్కొక్కటి లెక్కవెట్టొచ్చంటివి,” అన్నాడు సోమన్న అటు తిరిగే. “ఏది పెట్టినా గట్లనే కనవడ్తదంటివి.”

కృష్ణకాంత్ అన్నాడు, నిజమే. రోజూ పదిమందితో అంటాడు.

“కెమెరనే మసకగ తీసింది కాకా. దానికి టీవీ ఏం చేస్తది?”

“జర చూడు సారూ. ఎల్లుండి దాకనే ఆగుతమన్నరు.”

సంవత్సరీకం కాబోలు అనుకున్నాడు కృష్ణకాంత్. గోడ మీది ఫోటో చూశాడు. చుట్టాలంతా వచ్చే వేళకు బిడ్డ ముఖం తెలిసే బొమ్మ ఒక్కటన్నా ఉండాలని వీళ్ల తాపత్రయం. మనసు చివుక్కుమంది. ఎట్లా పోయాడని అడగడానికి నోరు రాలేదు.

షార్ప్‌నెస్ పెంచాడు. పిండి కాస్తా రవ్వ అయింది. తగ్గించాడు. దశరథ్ ముఖం గోడలో కలిసిపోయింది. వెలుతురు పెంచాడు, రంగులు తగ్గించాడు. ఉన్న మీటలన్నీ నొక్కాడు. లేనిది ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇక చేతులెత్తేయడమే అనుకున్నాడు. కానీ బిక్షమ్మ అక్కడి నుంచి కదలడం లేదు. తన మాట నమ్మి బర్రెను అమ్ముకున్నారన్న ఆలోచన అతణ్ణీ కదలనివ్వలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఫోన్లో ఫోటోలు బాగుచేసే యాప్.

కొడుకు వెనక్కి తిరిగిన చోట వీడియో ఆపాడు. ఫోన్‌తో ఫోటో తీశాడు. రోడ్డు, లైట్లు, హోటల్ బోర్డు, అక్కరలేనివన్నీ కోసేసి ముఖం ఒక్కటే ఉంచాడు. యాప్ కాసేపు గిరగిరా తిరిగింది. తిరిగి తిరిగి బొమ్మ వచ్చింది. కనుబొమ్మలు, అప్పుడప్పుడే వస్తున్న మీసం, సగం నవ్వు. టీవీ నిండా వేశాడు. అతనికే ఆశ్చర్యమేసింది.

“చూడు పెద్దమ్మా. ఎల్లుండికి ఫ్రేము గుడ నేనే కట్టిచ్చి ఇస్త.”

బిక్షమ్మ చాలాసేపు చూసింది. తెర మీది చెంపను అరచేత్తో నిమిరింది. కళ్లు తుడుచుకుంది. ఈ ఉద్యోగంలో చేరాక ఒక మంచి పని చేసినట్టనిపించింది కృష్ణకాంత్‌కు.

“కనవడ్డదా?” గడప మీంచి అడిగాడు సోమన్న.

“లేదు,” అంది బిక్షమ్మ.

కృష్ణకాంత్‌కు ఏమీ అర్థం కాలేదు. ఇంతకంటే ఏం కనిపించాలి?

బిక్షమ్మ తెర మీంచి చెయ్యి తీసి, అతని వైపు తిరిగి మెల్లగా అంది.

“వాని మొఖం మాకు ఎరుకనే బిడ్డా, నువ్వు కోసేసిన జాగల వాని మీదికొచ్చిన లారీ ఉన్నది, దాని నంబరు చూపియ్యి, ఎల్లుండి లోపట ఠాణాల చెప్పనీకె అంకెలు నేర్చుకున్న.”