ఇరవై ఏడో రోజు

ఇరవై ఏడో రోజున దరఖాస్తు వచ్చింది.

ఇంకొక్క రోజు ఆగి ఉంటే గండం గడిచేది. ఉద్యోగ ప్రకటన ఇరవై ఎనిమిది రోజులు, రెండు చోట్ల, జీతం అంకెతో సహా కనబడాలి. పని వచ్చిన స్థానికులు ఎవరూ దొరక్కపోతేనే, వీసా మీద ఉన్న మనిషికి యజమాని హామీ ఇచ్చి ఇక్కడే ఉంచుకోవచ్చు. అదీ రూలు. గోధుమ పొలాల మధ్య ఈ చిన్న ఊళ్ళో వెల్డింగు తెలిసినవాళ్ళంతా ఏనాడో ఇనుప గనులకు వెళ్ళిపోయారు. ఎవరొస్తారులే అనుకున్నాడు షెడ్డు యజమాని మెర్వ్.

బ్రోన్‌విన్ వచ్చింది. గనుల్లో పదకొండేళ్ళ అనుభవం. ఈ ఊరికి వచ్చి మూడు వారాలు.

మెర్వ్ వీసా ఏజెంటుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. పక్కనే ఆర్నీ నిలబడ్డాడు. షెడ్డులో ఎవరి అతుకు నిలుస్తుందో, ఎవరిది ఊడుతుందో తేల్చి కాగితం రాసేది ఆర్నీయే.

"మగ్‌బనువా వీసా వచ్చే నెల పదిహేనుతో సరి," అంది ఏజెంటు. "దరఖాస్తు పెట్టిన ఆమెకు పని వచ్చని తేలితే అతని ఫైలు మూసెయ్యడమే. రాదంటారా, ఎందుకు రాదో రాతపూర్వకంగా కావాలి. మొహం నచ్చలేదంటే కుదరదు."

మెర్వ్ ఫోన్ పెట్టేశాడు.

"విన్నావుగా గురూ?"

"విన్నాను బాస్."

"పరీక్ష నువ్వే పెట్టు."

"నేనా?"

"నువ్వు కాక ఇంకెవడు?" మెర్వ్ గొంతు తగ్గించాడు. "పట్టీని అడ్డంగా రుద్దెయ్. అంతే. నేనేం చూళ్ళేదు."

ఆర్నీ పరీక్షకు పలకలు తీయడానికి వెళ్ళాడు.

పరీక్ష పాతదే. రెండు ఉక్కు పలకల్ని నిలువుగా అతకాలి. అతుకు మధ్యలో ఉండేలా ఒక పట్టీ కోసి, గ్రైండరుతో నునుపు చేసి, ప్రెస్సులో గుర్రపు నాడాలా వంచుతారు. పగులు తేలకపోతే పాస్. పట్టీని పొడవునా రుద్దితే మంచి అతుకు నిలుస్తుంది. అడ్డంగా రుద్దితే ఆ గీతల వెంటే ఉక్కు చీలొచ్చు, అతుకు ఎంత మంచిదైనా సరే. అప్పుడు తప్పు అతికినవాళ్ళ మీదికే పోతుంది.

మర్నాడు పిల్లలిద్దర్నీ బడిలో దింపి వచ్చింది బ్రోన్‌విన్. డిక్కీలోంచి సొంత హెల్మెట్ తీసింది. దాని నిండా పువ్వుల స్టిక్కర్లు.

"ఏంటమ్మాయ్ ఆ పూలు?"

"మా చిన్నది అంటించింది. పూలుంటే అతుకు ఊడిపోతుందా?"

"చూద్దాం."

అరగంటలో ముగించింది. జడ అల్లినట్టు వచ్చింది అతుకు. ఆర్నీ దాన్ని చాలాసేపు చూశాడు.

పలక చల్లారేలోగా ఆమే మాట కదిపింది.

"ఈ ఉద్యోగానికి ముందే ఎవర్నో అనుకున్నారటగా? బేకరీలో అనుకుంటుంటే విన్నాను. వీసా మీద ఉన్నాయనట."

"అవును."

"ఎలాంటివాడు?"

"పని తెలిసినవాడే. కూతురు పన్నెండో తరగతి. వచ్చే నెల పరీక్షలు."

ఆమె చేతి తొడుగులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకూ ఇద్దరున్నారు. రెండు వారాలు గనిలో, వారం ఇంట్లో. ఒకసారి తలుపు తీసి మా చిన్నది నన్ను ఆంటీ అంది. ఈ పని దొరక్కపోతే సోమవారం మళ్ళీ గనికి విమానం ఎక్కాల్సిందే." హెల్మెట్ మీద ఊడుతున్న స్టిక్కరొకటి వేలితో అదిమింది. "మిమ్మల్ని మొహమాటపెట్టడానికి చెప్పట్లేదు. ఉన్నదున్నట్టు రాయండి, చాలు."

మెర్వ్ ఆఫీసు గదిలోంచి కేకేశాడు. "ఓ అమ్మాయ్! వెళ్ళి ఏమైనా తిని రా. ఇక్కడ నీకు పని లేదు."

ఆమె వెళ్ళింది.

ఆర్నీ పట్టీ కోసి బల్లకున్న పట్టకారులో బిగించాడు. గ్రైండరు ఆన్ చేశాడు. చక్రాన్ని పట్టీకి అడ్డంగా ఆనించబోయాడు. ఆఫీసు గది అద్దం వెనక మెర్వ్ తలూపాడు.

చక్రం గాల్లోనే తిరుగుతోంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

ఆర్నీ పట్టకారు వదులు చేశాడు. పట్టీని తిప్పి మళ్ళీ బిగించాడు. పొడవునా రుద్దాడు, ఆ చివర నుంచి ఈ చివరి దాకా, అంచులు కూడా గుండ్రంగా.

ప్రెస్సు కిందికి దిగింది. పట్టీ వంగింది. వెంట్రుకంత పగులు లేదు.

మెర్వ్ పరుగున వచ్చాడు. "నీకేమైనా పిచ్చా?"

"అతుకు బాగుంది బాస్."

"బాగుంటే?"

"బాగుంటే బాగుందనే రాస్తాను. ఎనిమిదేళ్ళుగా మీరు నా సంతకం నమ్మింది అందుకేగా."

"ఒక్క జీతమే ఉంది నా దగ్గర. ఇద్దర్నీ పెట్టుకోలేను. అసలు రూలే ఒప్పుకోదు. ఆ ఫైలు ఇవాళే మూసెయ్యాలి. తెలుసుగా?"

"తెలుసు."

మెర్వ్ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

బ్రోన్‌విన్ రెండు పొట్లాలతో తిరిగొచ్చింది. బేకరీలో మాంసం కూరి కాల్చిన వేడి పైలు. "మీకూ ఒకటి తెచ్చా. సాస్ ఎక్కువ వేయించాను," అంటూ బల్ల మీద వంగి ఉన్న పట్టీని చూసింది. వేలితో తడిమింది. మళ్ళీ తడిమింది.

"పాసా?"

"సోమవారం ఏడింటికల్లా రా."

ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"పాపం, ఆయనకెవరు చెబుతారు?"

"ఆయనకు తెలిసిపోయిందిలే."

ఆర్నీ గోడవారగా వెళ్ళి తన లాకరు ఖాళీ చేసి, వచ్చి దాని తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు. దానికి వేలాడుతున్న బిళ్ళ మీద సగం చెరిగిన పేరు: ఆర్నెల్ మగ్‌బనువా.