అలిమేలమ్మ మొక్కు

తిరుత్తణి కొండ మొదటి మెట్టు మీద దామోదరం చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

“ఎక్కద్దు వదినా. అన్న పోయి నలభై ఒక్క దినమే అయింది. ఏడాది దాకా మనింట్లో ఎవురూ కొండ ఎక్కకూడదు. నీకు తెలీదా?”

“తెలుసు. జరుగు.”

అలిమేలమ్మ పసుపు చీర కట్టుకుంది. కాళ్ళకు చెప్పుల్లేవు. ఊత్తుకోట పక్క పల్లెలో తెల్లారే బస్సెక్కి, తిరువళ్ళూరులో దిగి, రైలు పట్టుకుని వచ్చింది. పక్కింటివాళ్ళు ఫోన్ చేయడంతో, పట్టాభిరామ్‌లో ఉండే మరిది ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, బైకు మీద ఆమె కంటే ముందే వచ్చి కాపు కాశాడు.

“మొక్కుండాది దామూ. అన్ని మెట్లూ నడిచి ఎక్కి తలనీలాలు ఇస్తానని చెప్పినా. ఇచ్చే తీరతా.”

“గుండు కొట్టించుకుంటావా?” దామోదరం గొంతు పెరిగింది. “మొగుడు పోయినాడని మేమే గొరిగించినామంటారు ఊళ్ళో. మా మొహం యాడ పెట్టుకోవాల?”

“మీ మొహం మీ ఇష్టం. జుట్టు నాది.”

అతని చెయ్యి పక్కకు తోసి మెట్టెక్కింది. వెనక ఎవరో భక్తులు “అరోహరా!” అని సామిని తలుచుకుని అరిచారు. దామోదరం తిట్టుకుంటూ ఆమె వెంట పడ్డాడు.

ఇరవై మెట్లకు ఒకసారి ఆమె ఆగాల్సి వస్తోంది. గుండెలో వాల్వు పాడైందని రెండేళ్ళ కిందట తిరువళ్ళూరులో డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేయాలన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు ఏ బరువూ ఎత్తకూడదన్నాడు. చేయించుకోకపోతే ఎప్పుడేమవుతుందో చెప్పలేనన్నాడు.

అప్పటికి ఆరేళ్ళుగా ఆమె భర్త సుందరరాజులు పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. పిల్లల్లేరు. నోట్లో ముద్ద పెట్టాలన్నా, గుడ్డలు మార్చాలన్నా, పుండ్లు పడకుండా పక్కకు తిప్పాలన్నా ఆమే. ఆపరేషన్ వద్దని మాత్రలు రాయించుకుంది. ఇంటికి పోయే ముందు ఈ కొండకే వచ్చి మొక్కుకుంది.

దామోదరం పండగలకు వచ్చేవాడు. ఆపిల్ పళ్ళు తెచ్చేవాడు. గది గుమ్మంలోనే నిలబడి “ఎట్లుండావన్నా?” అని అడిగి, గంటలో బండి తీసేవాడు.

నూరో మెట్టు దగ్గర ఆమె గోడ పట్టుకుని నిలబడింది. పెదవులు నల్లబడ్డాయి.

“చూడు, ఎట్లయిపోయినావో. దిగుదాం పా,” అన్నాడు దామోదరం. “పైకి ఆటో కూడా పోతుంది. అదన్నా వద్దంటివి. అయినా అడుగుతా, ఈ మొక్కు తీరిందా ఏమన్నా? రెండేండ్లలో అన్న లేసి కూర్చున్నాడా? ఒక్క మాటన్నా వచ్చిందా? సామి చెయ్యని పనికి నువ్వెందుకు చెల్లించాల?”

“నా మొక్కు సంగతి నీకేల? నీకు ఆయాసంగా ఉంటే దిగిపో.”

కొంచెం పైన ఒకావిడ ఒక్కో మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తోంది. తడి పసుపు తొక్కకుండా అలిమేలమ్మ ఓరగా జరిగింది.

“ఏం మొక్కుకున్నావమ్మా?” అని అడిగింది.

“ఆడదానికి ఇంకేముంటుందక్కా? పసుపు కుంకుమతో పోవాలని.” ఆవిడ నవ్వుతూ కుంకుమ వేలు చాచింది. అంతలో తాళి లేని మెడ కనబడి, వేలు వెనక్కి తీసుకుంది.

అలిమేలమ్మ నుదురు ముందుకు వంచింది. “పెట్టమ్మా. సామి కుంకుమకు నా మీద కోపమేం లేదు.”

ఆవిడ చుట్టూ ఒకసారి చూసింది. కానీ పెట్టింది. దామోదరం మొహం తిప్పుకున్నాడు.

పైన తలనీలాలిచ్చే చోట మంగలామె కత్తి కడుగుతూ అడిగింది. “గుండా, మూడు కత్తెర్లా?”

“మూడు కత్తెర్లు చాలు,” అన్నాడు దామోదరం గబగబా.

“గుండు,” అంది అలిమేలమ్మ. “ఒక్క వెంట్రుక కూడా మిగలకూడదు.”

సగం నెరిసిన జడ ఒడిలో పడింది. ఆమె కళ్ళు మూయలేదు. స్నానం చేసి, గుండుకు గంధం రాసుకుని, వరసలో నిలబడి దర్శనం చేసుకుంది. సన్నిధిలో అందరూ చేతులు జోడించి ఏదో ఒకటి అడుగుతున్నారు. ఆమె ఏమీ అడగలేదు. తలెత్తి సూటిగా చూసింది. హారతి కళ్ళకద్దుకుని బయటికి వచ్చేసింది.

మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చుంటే దామోదరం మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. పక్కన కూలబడ్డాడు.

“వదినా,” అన్నాడు. “ఎనిమిదేండ్లు ఒక్కదానివే మోసినావు. ఒక్క రాత్రన్నా నేనొచ్చి కూర్చోలేదు. నాలుగు రోజులు నువ్వు పడుకుంటే అన్న గతేమని కూడా నేను అనుకోలేదు.”

“నేను అనుకున్నా.”

“ఇంత చేసినా సామి నిన్ను మోసం చేసినాడు.”

“సామిని అనబాకు.” ఆమె గ్లాసు కింద పెట్టింది. “అడిగింది ఇచ్చినాడు. అందుకే వచ్చినా.”

దామోదరం అర్థం కాక చూశాడు. “ఇచ్చినాడా? ఏమని మొక్కుకున్నావు వదినా?”

అలిమేలమ్మ చల్లటి గుండు మీద ఒకసారి చెయ్యి పెట్టుకుంది.

“నాకన్నా ముందు ఆయన్ని తీసుకుపో సామీ, అని.”