పేరు ముందు గుర్తు

“నెల్బక్కా, ఈ ప్రోగ్రాం నా ప్రాణం తీస్తోంది,” అన్నాడు ఎబెర్.

నెల్బ కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే మాతే టీ నింపిన సొరబుర్ర అందించింది. మాంటెవిడియోలోని ఆ ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా అందరికీ ఆ చేదు టీ పోసిచ్చేది ఆవిడే. ఎవరు పిలిచినా అందుకేనని ఆవిడ లెక్క.

ఎబెర్ గొట్టంతో నాలుగు గుక్కలు పీల్చి బుర్ర తిరిగిచ్చాడు. “ఆసుపత్రి చీటీలు తయారుచెయ్యడానికి ఫ్యాక్టరీ అని కోడ్ ముక్క ఒకటి రాశావు కదా. దాన్ని సరిచేద్దామని, ప్రోగ్రాంని నడిపే ఫ్రేమ్‌వర్క్‌ని దాని పేరు చెప్పి అడిగితే, ప్రతిసారీ కొత్త చీటీ తెచ్చి చేతిలో పెడుతోంది. ఫ్యాక్టరీని మాత్రం ఇవ్వదు!”

“దాని పద్ధతే అంత, నాయనా. పేరు చెబితే అది చేసిన సరుకే వస్తుంది. ఫ్యాక్టరీయే కావాలంటే పేరు ముందు ఒక గుర్తు పెట్టాలి.”

ఎబెర్ వెళ్లి గుర్తు పెట్టాడు. ఫ్యాక్టరీ వచ్చింది.

“ఈ గుర్తు ఎప్పట్నుంచి ఉందక్కా?” అన్నాడు తన కుర్చీలోంచే.

“మొదట్నుంచీ ఉంది. ఎవరికీ అవసరం పడదు. అందరికీ సరుకొస్తే చాలు.”

ఎబెర్ ఆవిడ వైపు చూశాడు. బల్ల మీద ఫ్లాస్కు పక్కనే అట్టపెట్టె ఉంది. అందులో ఆవిడ పూలకుండీ, చలికోటు, గోడ మీద ఉండాల్సిన ఫొటోలు సర్ది ఉన్నాయి.

లేచి దగ్గరికొచ్చాడు. “నెల్బక్కా.”

బుర్ర మళ్లీ ముందుకొచ్చింది.

“మాతే వద్దక్కా. నీకోసమే పిలిచాను.”

ఆవిడ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత బుర్ర పక్కన పెట్టి, కుర్చీ ఇటు తిప్పింది.

“పొద్దుట్నుంచి తొమ్మిదిమంది తాగి వెళ్లారు,” అంది. “పెట్టె ఏమిటని ఒక్కడూ అడగలేదు. కూర్చో.”