విప్పని మూత

పన్నెండేళ్ల కిందట ఆంప్లిఫైయర్ కాల్చానంటూ నలుగురిలో నన్ను మెడపట్టి గెంటిన గురువుగారు, అదే పెట్టె మోసుకుని నా రిపేరు షాపుకొచ్చారు.

"అప్పట్నుంచీ అటక మీదే పడుంది. నువ్వు తగలబెట్టిందేగా, నువ్వే బాగుచెయ్యి," అన్నారు, బెంచీ మీదున్న ముగ్గురు కస్టమర్లకీ వినబడేలా.

ఆ రోజూ ఇదే గొంతు. "మంచి ఫ్యూజుండగా కాల్చావంటే నీ చేతిలోనే ఉందిరా దరిద్రం!"

ఇన్నేళ్లు మూలపడ్డ పెట్టెకి ముందు మూత విప్పి చూడాలి. తర్వాత, లోపల షార్టున్నా కరెంటు ఎక్కువ పారనివ్వని సిరీస్ బల్బు మీదుగా మెల్లగా కరెంటివ్వాలి. నాకది నేర్పిందీ ఆయనే. నేను ఒక్క స్క్రూ కూడా ముట్టకుండా ప్లగ్గు నేరుగా గోడమీది స్విచ్చిబోర్డులో పెట్టి, స్విచ్చి మీద వేలుంచాను.

"ఒరేయ్, బల్బేదిరా?"

"ఎందుకండీ? మంచి ఫ్యూజుందిగా."

"ఆగరా, పేలిపోద్ది! ఫ్యూజెక్కడిది? రాగితీగ చుట్టాను!"

ఫ్యూజుంటే ఆ రోజు అదొక్కటే పోయేది. తీగ ఉండబట్టే పెట్టె కాలింది. బెంచీ మీదున్న ముగ్గురూ ఆయన వంక తిరిగారు.

నేను స్విచ్చి వేసేశాను. ఆయన చెవులు మూసుకున్నారు.

ఏమీ పేలలేదు. ఆయన పెట్టెతో మెట్లెక్కడం కిటికీలోంచి చూసినప్పుడే, ఆ బోర్డుకి కరెంటొచ్చే వైరు పీకి పెట్టాను.