జంట పట్టీ

కెజియా చదివిన కాలేజీలో ఎవరో ల్యాబ్ తగలబెట్టారు. ఆ రోజు అక్కడున్న వాళ్లందరి చేతులకీ పోలీసులు పట్టీలు బిగించారు. నిజం తేలేదాకా పట్టీలో పసుపు దీపం మనిషి నాడితో పాటే కొట్టుకుంటూ ఉంటుంది.

యూనివర్సిటీ ఇంటర్వ్యూ రోజున ఆ దీపం కనబడకూడదని రాహేలమ్మ మనవరాలు కెజియా చేతికి మోచేతిదాకా గాజులు తొడిగింది. తీరా గోడ మీది తెరలో ఇంటర్వ్యూ చేసే మేడం ముఖం వెలిగేసరికి, గాజుల్లోంచి వెలుగు చిమ్మి గదంతా పసుపు చల్లినట్టయింది.

"పెళ్లిపందిరి చేసేశావు కదే అమ్మమ్మా!" కెజియా నవ్వుతూ గాజులు తీసేసింది. "కేసు ఇంకా తేలలేదు మేడం. నేను మాత్రం ఏ తప్పూ చేయలేదు."

"సీటు ఇస్తాం," అంది మేడం. "కానీ నువ్వు జిల్లా దాటాలంటే ఇంట్లో ఒకరు పూచీ ఉండి జంట పట్టీ కట్టుకోవాలి. పిలిచినప్పుడు నువ్వు రాకపోతే పోలీసులు వాళ్లని తీసుకెళ్తారు."

రాహేలమ్మ గుమ్మం వైపు చూసింది. భర్తా, కూతురూ ఈ గుమ్మం దాటి వెళ్లి మళ్లీ రాలేదు. పట్టీ ఉన్నన్నాళ్లూ ఈ పిల్లయినా కదలదని లోలోపల ధైర్యంగా ఉండేది. అయినా చెయ్యి చాపింది.

"నాకు కట్టండమ్మా. పిల్లని చదువుకోనివ్వండి."

కెజియా విశాఖ వెళ్లింది. ఇక్కడ రాహేలమ్మ బియ్యం ఏరుతుంటే, ఆమె చేతి మీది దీపం మనవరాలి నాడితో కొట్టుకునేది. మెట్లెక్కితే గబగబా, నిద్రపోతే నెమ్మదిగా. "పడుకుంది నా తల్లి" అనుకుని తనూ నడుం వాల్చేది.

కేసు తేలాలని రోజూ మోకాళ్లూని ప్రార్థించేది. "మరీ అంత తొందరేం లేదులే ప్రభువా," అని గొణిగి, ఆమెన్ అనేది.